పశ్చిమ ప్రకాశంలో సంక్షేమ వ్యవస్థ - ఒక పరిశీలన

"ప్రభుత్వం అంటే ఏమిటి?" అని పరీక్షలో ప్రశ్న వస్తే మనమంతా నిర్వచనాలు వ్రాసి మార్కులు తెచ్చుకొంటాం. ఇదే ప్రశ్న అర్ధవీడు పక్క పల్లెలో ఒక అవ్వనడిగితే ఆమె చెప్పే జవాబు వేరు. నెల మొదటి తేదీన చేతికి వచ్చే పింఛను, చౌకధరల దుకాణంలో కొలిచే బియ్యం, అంగన్‌వాడీలో మనుమడికి పెట్టే గుడ్డు - ఆమెకు ప్రభుత్వమంటే ఇవే. ఇవి సక్రమంగా వచ్చిన నెల ప్రభుత్వం ఉన్నట్లు, రాని నెల లేనట్లు. ఆమె నిర్వచనం మన పాఠ్యపుస్తకాల నిర్వచనం కంటే తక్కువదేమీ కాదు.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం ప్రాంతాలలో కష్టంలో పడ్డ మనిషిని ఆదుకొనడానికి ఏర్పడిన వ్యవస్థ ఏమిటి, అది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, దానిలో మనవంటి చదువుకొన్నవారి పాత్ర ఏమిటి అనే నాలుగు విషయాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దయ నుండి హక్కు వరకు

కష్టకాలంలో ప్రజలను ఆదుకోవడం పాలకుని ధర్మమని మన పెద్దలు ఏనాడో అన్నారు. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు అటువంటి ధర్మానికి నేటికీ నిలిచిన సాక్ష్యం. వరదరాజమ్మ పేరుతో ముడిపడిన ఆ చెరువుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తింపు లభించింది. కాని చెరువు కట్టించినది పాలకుల దయ. దయ ఉంటే చెరువు, లేకుంటే కరువు. అడిగే హక్కు మాత్రం రైతుకు లేదు.

ఆ హక్కు లేని కాలం ఎలా ఉండేదో 1876-78 నాటి ధాత కరువు చూపింది. అప్పుడు మార్కాపురం, కంభం తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. మదరాసు రాజధానిలో ఆ కరువు దెబ్బ బలంగా తగిలిన జిల్లాలలో కర్నూలు ఒకటి. కరువు పనులకు వచ్చినవారికి ఇచ్చే కూలి ఎక్కువగా ఉన్నదని భావించిన సర్ రిచర్డ్ టెంపుల్, దానిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించాడు. పనిచేసే మనిషి ప్రాణం నిలవడానికి ఇది చాలదని అప్పటి మదరాసు ఆరోగ్య శాఖాధిపతి డాక్టర్ కార్నిష్ వాదించవలసి వచ్చింది. ఎంత తక్కువ ఇచ్చినా మనిషి బతుకుతాడా అని ఒకరు, ఎంత ఇస్తే మనిషి బతుకుతాడు అని మరొకరు. ఈ రెండు ప్రశ్నల మధ్య తగవు ఇప్పటికీ తీరలేదనిపిస్తుంది.

ఆ కరువు తరువాతనే 1880లో కరువు కమిషన్ నివేదిక, దానిని అనుసరించి కరువు నిబంధనలు వచ్చాయి. మన ఊళ్ళ మీదుగా గుంటూరు - గుంతకల్లు మధ్య నడిచే రైలుమార్గం కూడా ఆ రోజులలో కరువు ప్రాంతాలకు ధాన్యం చేరవేయాలన్న ఆలోచనతో బళ్ళారి - కృష్ణా మార్గంగా నిర్మాణమైనదే. మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కే మనలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం ఈ విషయంలో కొత్త మాట చెప్పింది. నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం, అంగవైకల్యం వంటి సందర్భాలలో ప్రజలు ప్రభుత్వ సహాయం పొందే హక్కును రాజ్యం తన ఆర్థిక శక్తికి లోబడి కల్పించాలని 41వ అధికరణం ఆదేశించింది. ఆదేశిక సూత్రం కనుక దీనిమీద నేరుగా కోర్టుకు పోలేము. కాని ఆ తరువాత వచ్చిన ఎన్నో చట్టాలకు ఇదే మూలం.

ఇతర దేశాలలో

ఈ బాధ్యతను స్థానికంగా ఎవరు మోయాలి అనే ప్రశ్న మనకొక్కరికే వచ్చినది కాదు. ఇంగ్లాండులో 1601 నాటి పేదల చట్టం ప్రతి గ్రామ చర్చి పరిధిని అక్కడి పేదలకు బాధ్యురాలిని చేసింది. 1834లో ఆ చట్టాన్ని సవరించి, సహాయం కావలసినవాడు పనిశాలలో చేరాలన్నారు. అక్కడి బతుకు బయటి కూలివాని బతుకు కంటే హీనంగా ఉండాలనేది నియమం. అంటే సహాయాన్నే శిక్షగా మార్చారన్న మాట! ఆ మచ్చ తుడుచుకొనడానికి వారికి వందేళ్ళకు పైగా పట్టింది. 1942 నాటి బెవరిజ్ నివేదికతో దృక్పథం మారింది. 1970లో పార్లమెంటు చేసిన చట్టంతో పిల్లలకు, వృద్ధులకు, వికలాంగులకు వేరువేరుగా ఉన్న స్థానిక విభాగాలన్నీ ఒకే శాఖ కిందికి వచ్చాయి. ఒక ఇంట్లో నాలుగు కష్టాలుంటే నలుగురు ఉద్యోగులు నాలుగు ఫైళ్ళతో రావడం మానుకోవాలన్నదే దీని ఆంతర్యం.

అమెరికాలో మన జిల్లాకు దగ్గరగా పోల్చదగినది కౌంటీ. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలలో ఆహార సహాయం, పేదల వైద్యబీమా, పిల్లలున్న పేద కుటుంబాలకు నగదు, హింసకు గురైన పిల్లల రక్షణ, దిక్కులేని వృద్ధుల సంరక్షణ - వీటన్నిటికీ ప్రజలు వెళ్ళేది కౌంటీ మానవసేవల శాఖ దగ్గరికే. డబ్బు పైనుండి వస్తుంది, పని కౌంటీ చేస్తుంది. దరఖాస్తు పరిశీలించడానికి ఒక ఉద్యోగి ఉంటాడు. ఆ కుటుంబం కథ మొదటినుండి అతనికి తెలిసి ఉండాలి.

అక్కడి విధానంలో మనం ముఖ్యంగా గమనించవలసినది వేరే ఉంది. న్యూయార్కు నగరంలో సహాయం పొందుతున్న కొందరికి ముందుగా విచారణ జరపకుండానే దానిని ఆపివేశారు. వారు కోర్టుకెక్కారు. 1970 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు గోల్డ్‌బర్గ్ కేసులో తీర్పు చెబుతూ, ఆ సహాయంతోనే బతికే మనిషికి దానిని ఆపే ముందు కారణం తెలియజేసి అతని మాట వినాలి అన్నది. ఆపి తరువాత వింటామంటే ఆ మధ్యకాలంలో అతడు తినేదేమిటి? ఇదీ ఆ తీర్పు సారాంశం.

అక్కడ అంతా సవ్యంగా ఉన్నదని ఎవరూ అనుకోనక్కరలేదు. అక్కడా పొడుగాటి ఫారాలు, అక్కడా వరుసలు, అక్కడా విసుక్కునే గుమాస్తాలు ఉన్నారు. మనం తీసుకోవలసినవి మూడు సూత్రాలు: ఒకే గడప, వ్రాతపూర్వకమైన కారణం, పైవారికి చెప్పుకొనే దారి. ఈ మూడింటినీ గుర్తుంచుకొని మన ప్రాంతానికి వద్దాం.

మన ప్రాంతం - దూరం అనే జబ్బు

అదే 1970లో ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. కర్నూలు నుండి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు, నెల్లూరు, గుంటూరుల నుండి మరికొన్ని ప్రాంతాలు దానిలో కలిశాయి. 1972లో దానికి ఆంధ్రకేసరి పేరు పెట్టారు. కర్నూలుకు పోవడం తప్పింది గాని దూరం తప్పలేదు. మార్కాపురం నుండి ఒంగోలు దరిదాపు వంద కిలోమీటర్లు. గిద్దలూరు నుండి ఇంకా ఎక్కువ. ఒక సంతకం కోసం పొద్దున బస్సెక్కిన కూలివాడు రాత్రికి ఇల్లు చేరితే బస్సు ఛార్జీతో పాటు ఒక రోజు కూలి కూడా పోయినట్లే. సారు క్యాంపులో ఉన్నారంటే రెండవ రోజు కూలి కూడా పోతుంది.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినపుడు కార్యాలయం కొంత దగ్గరైంది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ప్రారంభమైనపుడు ఇంకా దగ్గరైంది. మార్కాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా కావాలని ఈ ప్రాంతంవారు ఎంతోకాలం అడిగినది కూడా ప్రధానంగా ఈ దూరం గురించే. 2025 సంవత్సరాంతంలో ఆ కోరిక నెరవేరింది. ఇక కార్యాలయం దగ్గరైనంత మాత్రాన పని దగ్గరవుతుందా అనేదే మన ముందున్న ప్రశ్న.

ఇక్కడి కష్టాలకు కొన్ని ప్రత్యేక లక్షణాలున్నాయి. వాటిని విడిగా చెప్పుకోవాలి.

మొదటిది, వర్షాధారం. మెట్ట పొలం, బోరు ఎండితే వలస. హైదరాబాదు, బెంగుళూరు, గుంటూరు వైపు మిరపకోతలు - ఎక్కడ పని దొరికితే అక్కడికి. శ్రీశైలం జలాశయం నుండి కృష్ణ నీరు తేవడానికి ఉద్దేశించిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్ల పొడవుగల జంట సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. సొరంగాలతోనే పని ముగియలేదు. నిర్వాసితుల పునరావాసం, కాలువలు ఉన్నాయి. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డకు ఈనాడు పెళ్ళయి పిల్లలుంటారు.

రెండవది, నీటిలోని ఫ్లోరైడు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొట్టమొదట వివరించినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో చేరిన మన పొరుగు మెట్టప్రాంతంలోనే. అంతకుముందే రైతులు తమ ఎద్దులు నడవలేక కుంటుతున్నాయని గమనించారట. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీరు ఏళ్ళ తరబడి తాగినవారికి మొదట పళ్ళు గారపడతాయి, తరువాత ఎముకలు బిగుసుకుపోతాయి. దీనికి మందు లేదు. మంచి నీరే మందు.

మూడవది, పలకల పరిశ్రమ. మార్కాపురం పలకమీద అక్షరాలు దిద్దని తరం తెలుగుదేశంలో ఒకప్పుడు లేదంటే అతిశయోక్తి కాదు. ఆ రాయి కోసేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే వ్యాధి తెస్తుంది. క్షయ అనుకొని మందులు మింగుతూ కాలం గడిపేవారున్నారు. నీళ్ళు చల్లుతూ కోయడం, ధూళిని పీల్చివేసే యంత్రం పెట్టడం వంటి జాగ్రత్తలతో నివారించవచ్చు గాని, వచ్చిన తరువాత నయం చేసే మార్గం లేదు. ఇది వృత్తివ్యాధి అని, దీనికి పరిహారం ఇవ్వాలని చట్టం ఏనాడో గుర్తించింది. కాని పరిహారం అడగాలంటే ఫలానావారి దగ్గర పనిచేశానని కాగితం కావాలి. రోజుకూలికి కాగితమెవరిస్తారు?

నాల్గవది, నల్లమల. దోర్నాల, ఎర్రగొండపాలెం, అర్ధవీడు తదితర మండలాలలో చెంచు గూడేలున్నాయి. చెంచులను 1975లో ఆదిమ గిరిజన తెగగా గుర్తించారు. వారి అభివృద్ధికి శ్రీశైలం కేంద్రంగా సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పనిచేస్తున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, 2023 నవంబరులో కేంద్రం ప్రారంభించిన జన్‌మన్ పథకం వారికి ఉద్దేశించినవే. అడవిలో పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం లేకపోతే ఆధార్ లేదు, ఆధార్ లేకపోతే మిగిలినవేవీ లేవు. అందుచేత చెంచు గూడెంలో సంక్షేమం అనేది జనన ధ్రువపత్రంతో మొదలవుతుంది.

ఒక ఇంటి కథ

వ్యవస్థను అర్థం చేసుకోవడానికి ఒక ఇంటిని ఊహించుకొందాం. ఇటువంటి ఇల్లు మనలో ప్రతివారికీ తెలిసే ఉంటుంది.

ఇంట్లో అరవై ఎనిమిదేళ్ళ అవ్వ, ఆమె భర్త. కొడుకు పలకల ఫ్యాక్టరీలో పనిచేసి దగ్గుతో మంచం పట్టాడు. కోడలు కూలికి పోతుంది, ఇప్పుడు గర్భిణి. పెద్ద మనుమరాలికి పదిహేనేళ్ళు, బడి మానిపించి పెళ్ళి చేద్దామా అని ఆలోచన. చిన్నవానికి పుట్టుకనుండి కాళ్ళు సరిగా లేవు. మెట్ట పొలం మూడెకరాలు, అందులో పంట ఏమీ లేదు. ఈ ఇంటికి ఎవరు ఏమి చేయాలి?

బియ్యం: 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం కింద కార్డులోని ప్రతి మనిషికి నెలకు 5 కిలోలు, అతి పేదలకు అంత్యోదయ కార్డుపై ఇంటికి 35 కిలోలు. మన రాష్ట్రంలో 1983లోనే రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. 2023 జనవరి నుండి కేంద్రం ఈ చట్టం కింది ధాన్యం ఉచితంగా ఇస్తున్నది. వలసపోయినవారు పోయినచోట కూడా తీసుకొనే వీలుంది. ఆంధ్ర, తెలంగాణల మధ్య ఇది 2019 ఆగస్టులోనే ఆరంభమైంది. హైదరాబాదులో పనిచేసే మనవారిలో చాలామందికి ఈ సంగతి తెలియక కార్డు ఇంట్లో పెట్టి వెళ్తున్నారు.

పింఛను: 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ వృద్ధాప్య పింఛను ప్రారంభించినపుడు ఇచ్చినది నెలకు 75 రూపాయలు. రాష్ట్రం క్రమక్రమంగా పెంచగా 2024లో వృద్ధులకు, వితంతువులకు 4,000 రూపాయలు, వికలాంగులకు 6,000, డయాలసిస్ రోగులకు 10,000, పూర్తిగా మంచానపడ్డవారికి 15,000 అయింది. ఇంటికొక పింఛనన్నది సాధారణ నియమం. వికలాంగులు, తీవ్ర రోగులు దీనికి మినహాయింపు. అందుచేత ఈ ఇంట్లో అవ్వకో తాతకో ఒకరికి వృద్ధాప్య పింఛను, చిన్నవానికి వికలాంగ పింఛను అడగవచ్చు. భర్త పింఛనుదారుడై కాలం చేస్తే అది భార్యకు మారే ఏర్పాటు కూడా 2024 చివర వచ్చింది.

వికలాంగ ధ్రువపత్రం: 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నలభై శాతం, అంతకు మించి ఉన్నదని ప్రభుత్వ వైద్యబృందం ధ్రువపరచాలి. ఆ శిబిరం తేదీ తెలుసుకొని పిల్లవానిని తీసుకొని వెళ్ళడమే పెద్ద పని.

గర్భిణి, పిల్లలు: 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలో పోషకాహారం, ఆరోగ్య కార్యకర్త దగ్గర పరీక్షలు, టీకాలు. కాన్పు సమయానికి 108 వాహనం. అది 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైంది.

మనుమరాలు: 2006 చట్టం ప్రకారం పద్ధెనిమిదేళ్ళు నిండని ఆడపిల్ల పెళ్ళి నేరం. పెళ్ళి ఆపించడానికి 1098కి ఎవరైనా ఫోను చేయవచ్చు, పేరు చెప్పనక్కరలేదు. కాని ఆపి వదిలేస్తే చాలదు. పిల్లను తిరిగి బడిలోనో, కస్తూర్బా విద్యాలయంలోనో, సంక్షేమ హాస్టలులోనో చేర్పించాలి. లేకుంటే ఆరు నెలలకు పొరుగూరి గుడిలో ఆ పెళ్ళి జరిగిపోతుంది.

పని: 2005 నాటి ఉపాధి హామీ చట్టం మన జిల్లాకు రెండవ విడతలో, 2007లో వచ్చింది. పని అడిగి పదిహేను రోజులైనా ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలన్నది దాని ప్రాణం. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో 125 రోజుల పనిని హామీ ఇచ్చే వేరొక చట్టం చేసింది. చట్టం ఏదైనా పని అడిగినట్లు తేదీ వేసిన రసీదు లేకపోతే భృతి రాదు.

వైద్యం: 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం, పేరు మారినా, పెద్ద రోగాలకు ఆసుపత్రి ఖర్చు భరిస్తున్నది.

తల్లిదండ్రుల పోషణ: ఈ ఇంటి కొడుకు మంచివాడే, చేతకానివాడయ్యాడు. కాని ఉండీ చూడని కొడుకులున్నచోట 2007 నాటి చట్టం ప్రకారం ఆర్డీఓ దగ్గర తల్లిదండ్రులు దరఖాస్తు చేసుకోవచ్చు. నెలకు పదివేల వరకు భరణం ఇప్పించవచ్చు. న్యాయవాది అవసరం లేదు.

లెక్క వేయండి. ఒక్క ఇంటికి పౌరసరఫరాలు, గ్రామీణాభివృద్ధి, స్త్రీ శిశు సంక్షేమం, వైద్యం, విద్య, రెవెన్యూ, కార్మిక శాఖ, వికలాంగుల సంక్షేమం - ఎనిమిది శాఖలు! ప్రతి శాఖలోనూ పథకముంది, ఉద్యోగి ఉన్నాడు, ఫారముంది. ఈ ఇంటిని మొత్తంగా చూసేవారు మాత్రం ఎవరూ లేరు. ఇదే మన వ్యవస్థలోని అసలు లోటని నా అభిప్రాయం.

ఎక్కడ ఆగిపోతుంది?

సచివాలయం ఈ లోటు తీర్చే దిశగా వేసిన అడుగే. సంక్షేమ సహాయకుడు, ఆరోగ్య కార్యకర్త, రెవెన్యూ అధికారి, మహిళా పోలీసు - ఇంతమంది ఒకే కప్పు కిందికి రావడం చిన్న విషయం కాదు. 2019 ఆగస్టు నుండి సుమారు యాభై ఇళ్ళకు ఒక వాలంటీరు చొప్పున పనిచేసిన ఏర్పాటు 2024లో ముగిసింది. ఇంటింటికి పింఛను ఇచ్చే పని సచివాలయ ఉద్యోగులకు వచ్చింది. పింఛను ఇంటికే వస్తున్నది, నిజమే. ఇబ్బంది ఇచ్చేచోట కాదు, కాదనేచోట ఉంది.

కాదనే కారణాలు ఎక్కువగా కంప్యూటరు చెబుతుంది. 2019-20లో నిర్ణయించిన అర్హతా నియమాలలో పల్లెలో నెలకు 10,000 రూపాయల ఆదాయం మించరాదని, మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు మించరాదని, నెలకు 300 యూనిట్ల కరెంటు మించరాదని, నాలుగు చక్రాల సొంత వాహనం ఉండరాదని చెప్పారు. నియమాలుండటం తప్పు కాదు. కాని ఒకే మీటరు మీద ముగ్గురన్నదమ్ముల కాపురాలున్నప్పుడు, తాత పేరున ఉన్న పొలం పంపకాలు కాగితం మీద జరగనప్పుడు, కంప్యూటరుకు కనిపించేది ఒకటి, ఊరికి తెలిసినది ఇంకొకటి. పలకలు కోసి, రాళ్ళు మోసి అరిగిపోయిన వేళ్ళ ముద్రలు యంత్రంలో పడకపోవడం మరో తంటా. చేతులరిగేలా కష్టపడ్డందుకు యంత్రం "నువ్వు నువ్వు కావు" అంటే ఆ మనిషి ఎవరికి చెప్పుకోవాలి?

ఎన్నో ఏళ్ళ క్రిందట, పేర్లెందుకు గాని, ఒక కార్యాలయం ముందు చెట్టుకింద కూర్చున్న అవ్వ నన్ను పిలిచింది. "నాయనా, చదువుకొన్నోడివి లాగున్నావు, ఇదేందో చూసి చెప్పు" అని పాలిథిన్ సంచిలోనుండి కాగితం తీసి ఇచ్చింది. దాని మీద ఉన్నది ఒకే మాట: "తిరస్కరించడమైనది." ఎందుకో లేదు. ఎవరికి అప్పీలు చేసుకోవాలో లేదు. "ఏముంది నాయనా?" అంటే "మళ్ళీ రమ్మన్నారవ్వా" అని చెప్పాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఆమె "సరే, వస్తాలే" అని సంచి మడిచి లేచింది. ఆ అబద్ధం వల్ల ఆమెకు మరొక రోజు కూలి పోయి ఉంటుంది. ఆ రోజు నాకు చట్టం తెలియదు. తెలిసి ఉంటే వేరే మాట చెప్పి ఉండేవాడిని.

తెలుసుకోవలసిన చట్టం

2005 నాటి సమాచార హక్కు చట్టం పేరు అందరికీ తెలుసు. దరఖాస్తు పెడితే 30 రోజులలో సమాచారమివ్వాలన్నదీ తెలుసు. కాని అందులో 4వ సెక్షనులో ఒక చిన్న వాక్యం చాలామంది కంట పడదు. ప్రభుత్వ కార్యాలయం తీసుకొన్న నిర్ణయం వల్ల ఎవరికి బాధ కలుగుతుందో వారికి ఆ నిర్ణయానికి కారణాలు తెలియజేయాలి అని అందులో ఉంది. అడిగితే ఇవ్వడం కాదు, అడగకుండానే తెలియజేయడం విధి. అమెరికాలో 1970లో కోర్టు చెప్పిన న్యాయంలో సగం మన చట్టంలో ఇలా ఉన్నది. ఉన్నదని అవ్వకు తెలియదు, మనం చెప్పం.

రెండవది, న్యాయసహాయం. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల తెగలవారికి, వికలాంగులకు, కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. కోర్టులున్న పట్టణాలలోని మండల న్యాయసేవా కమిటీకి తెల్లకాగితం మీద దరఖాస్తు ఇస్తే చాలు.

మూడవది, సోమవారం అర్జీలు. పేర్లు ప్రభుత్వంతో పాటు మారినా సోమవారం అధికారులు ప్రజల అర్జీలు తీసుకొనే పద్ధతి నిలిచి ఉంది. అర్జీకి నంబరు ఇస్తారు. ఆ నంబరు పోగొట్టుకోకూడదు.

నాల్గవది, సామాజిక తనిఖీ. ఉపాధి పనుల లెక్కలను గ్రామసభలో అందరిముందు చదివి వినిపించే పద్ధతిని దేశంలో ముందుగా పెద్ద ఎత్తున నడిపిన ఘనత మన ఆంధ్రప్రదేశ్‌ది. 2009లో దీనికి ప్రత్యేక సంస్థ ఏర్పడింది. కాని ఆ సభకు చదువుకొన్న యువకులు ఎందరు పోతున్నారు? చదివే గొంతు ఒకటి ఉంటే సరిపోదు, వినే చెవులు కూడా ఉండాలి.

ఇక విద్యార్థుల మాట

గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయాలతో జాతీయ సేవా పథకం మొదలైంది. మన కళాశాలలలో ఎన్.ఎస్.ఎస్. అంటే గడ్డపార, పార గుర్తుకు వస్తాయి. రోడ్డు మీద గుంటలు పూడ్చడం మంచిదే. కాని గుంట పూడ్చడానికి డిగ్రీ అక్కరలేదు. మన చదువుతోనే చేయగల సేవ ఒకటుంది. దానికి కావలసినది ఒక పెన్ను, ఒక నోటు పుస్తకం, కొంచెం ఓపిక.

సెలవులలో మన ఊరు వెళ్ళినపుడు ఒక్కొక్క విద్యార్థి పది ఇళ్ళు తీసుకోవాలి. ప్రతి ఇంటికి ఒక పేజీ. ఎవరెవరు ఉన్నారు, వయస్సెంత, ఎవరికి ఏ జబ్బు, ఏ కాగితాలున్నాయి, ఏవి లేవు, ఏది అడిగితే కాదన్నారు, కారణం చెప్పారా లేదా. ఇంతే. ఆ పేజీ తీసుకొని సచివాలయానికి వెళ్ళి అడగాలి. దరఖాస్తు ఇస్తే తేదీతో రసీదు అడగాలి. కాదంటే కారణం వ్రాసి ఇమ్మని మర్యాదగా అడగాలి. తగవు పెట్టుకోనక్కరలేదు. అక్కడ పనిచేసే ఉద్యోగి కూడా మన వంటి కుర్రవాడే, నిన్నమొన్నటి దాకా ఇటువంటి కళాశాలలోనే చదివినవాడు. పైనుండి వచ్చే పనుల బరువు అతనికీ ఉంది. చాలాసార్లు అతనికి కావలసినది సరైన వివరం. అది మన పేజీలో ఉంటుంది.

ఇతర దేశాలలో కౌంటీ ఉద్యోగి చేసే పని ఇదే. ఎనిమిది శాఖల మధ్య చిక్కిన ఒక ఇంటిని ఒకే కాగితం మీదికి తేవడం. ఆ ఉద్యోగం మన దగ్గర లేదు. వచ్చేదాకా ఆ ఖాళీలో నిలబడగలిగినది చదువుకొన్న పల్లెటూరి పిల్లలు మాత్రమే. ఇందులో ఒక జాగ్రత్త: ఇంటి గుట్టు మన నోటు పుస్తకంలో ఉంటుంది. దానిని రచ్చబండమీద పరచకూడదు, ఏ పార్టీకీ అప్పగించకూడదు. అలా చేసిననాడు రెండవ ఇల్లు మనకు తలుపు తీయదు.

కరువు కాలంలో టెంపుల్ దొర అడిగిన ప్రశ్న, మనిషికి ఎంత తక్కువ సరిపోతుంది అనేది. రాజ్యాంగం అడిగిన ప్రశ్న, మనిషికి ఏది హక్కు అనేది. ఈ రెండు ప్రశ్నలకు మధ్య దూరం, మార్కాపురం నుండి ఒంగోలుకు ఉన్న దూరం కంటే ఎక్కువ. బస్సులతో, భవనాలతో, కొత్త జిల్లాలతో మాత్రమే అది తరగదు. "తిరస్కరించడమైనది" అన్న కాగితం పట్టుకొని చెట్టుకింద కూర్చున్న మనిషి పక్కన ఒక చదువుకొన్నవాడు కూర్చుని, "ఎందుకు కాదన్నారో వ్రాసి ఇమ్మని అడుగుదాం పదవ్వా" అన్ననాడు కొంత తరుగుతుంది.

ఈ సంచిక చదివిన విద్యార్థులలో పదిమంది ఆ మాట అంటే ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినట్లే.